వాలు స్థలంలో బేస్‌మెంట్: గదుల కంటే ముందు నీటి లెక్క

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బెంగళూరు రాజరాజేశ్వరి నగర్‌లో 40×60 అడుగుల స్థలం. రోడ్డు పడమర వైపు ఉంది. అక్కడి నుంచి నేల తూర్పుకు దిగుతూ వెనక ప్రహరీ దగ్గరకు వచ్చేసరికి తొమ్మిదడుగుల పల్లం. రోడ్డు వైపు ఇల్లు, దాని కింద వెనక పెరట్లోకి తెరుచుకునే బేస్‌మెంట్. అందులో అమ్మానాన్నలకు పడకగది, బాత్‌రూమ్, సినిమా గది, చిన్న వంటగట్టు. సిమెంటులో వాటర్‌ప్రూఫింగ్ పొడి కలిపితే చాలని మేస్త్రీ అన్నాడు. శ్రావణంలో గృహప్రవేశం చేయాలని ఉంది. ఇది సరైన ఆలోచనేనా, ఏ పని తరవాత ఏ పని చేయాలి అని అడిగారు.

ఆలోచన సరైనదే. ఇలాంటి స్థలంలో తొమ్మిదడుగుల పల్లాన్ని మట్టితో పూడ్చి మట్టం చేయడం డబ్బును పాతిపెట్టడమే. ఆ మట్టిని ఆపడానికి ఎలాగూ బలమైన గోడ కట్టాలి, పూడ్చిన మట్టి మీద పునాది వేయలేరు కాబట్టి స్తంభాలను కిందికి దింపాలి. ఆ ఖర్చు పెట్టాక మట్టి ఉండే చోట గది ఉంటే మంచిదేగా. ఈ ఊళ్ళో కట్టడాల పనిలోనే జుట్టు నెరిసినవాడిగా నేను చెప్పేదొకటే: మనుషులు నడిచి బయటికి వెళ్ళే తలుపు గీసే ముందు, నీరు బయటికి వెళ్ళే దారి గీయండి. మీ ప్లాను వివరంలో ఆ దారి కనిపించలేదు.

లెక్క చూడండి. మీ స్థలం సుమారు 223 చదరపు మీటర్లు. 100 మి.మీ. వాన పడితే దాని మీద పడే నీరు 22 వేల లీటర్ల పైన, అంటే ఆరువేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు నాలుగు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు ఒక్క రోజులో కురిసింది అంతకంటే ఎక్కువే. మెరకలో ఉన్నవారి నుంచి మట్టి లోపలి పొరల్లో దిగివచ్చే ఊట దీనికి అదనం. మన ఎర్రమట్టి కింద మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి ఉంటాయి. వాన నీరు మట్టిలో దిగి, రాయి తగలగానే దాని మీదుగా పల్లానికి జారుతుంది. ఆ దారికి అడ్డంగా మీరు గోడ కడుతున్నారు.

మరి వెనక్కి వచ్చిన నీరు ఎక్కడికి పోవాలి? రోడ్డు తొమ్మిదడుగులు పైన ఉంది. వెనక ఇల్లు కింది వీధికి ముఖం పెట్టి ఉంటుంది, వారి ప్రహరీ మీ పెరటికి అడ్డుకట్ట. మీకు మూడు దారులున్నాయి. వెనకవారితో మాట్లాడి, వారి పక్క ఖాళీలోంచి కింది వీధి కాలువ దాకా పైపు వేసుకోవడం మొదటిది. ఇదే అన్నిటికంటే మేలు, కానీ ఒప్పందం కాగితం మీద ఉండాలి, రేపు ఇల్లు చేతులు మారితే నోటి మాట చెల్లదు. రెండోది పెరట్లో ఇంకుడు బావి. ఈ ఊళ్ళో మామూలుగా మూడడుగుల వ్యాసంతో ఇరవై అడుగుల లోతు తవ్వుతారు. మీ దగ్గర రాయి పైకే ఉంటే అది బావి కాదు, నిండిపోయే తొట్టి. మూడోది గుంత తీసి పంపు పెట్టడం. ఈ దారిలో వెళ్తే పంపులు రెండు ఉండాలి, రెండూ ఇన్వర్టర్ మీద నడవాలి. పెద్ద వాన, కరెంటు కోత కలిసి రావడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

ఆ గుంతలోకి వచ్చే నీటినే తగ్గించే ఉపాయం ఒకటుంది, పైసా ఖర్చు లేనిది. డాబా వాలును పూర్తిగా రోడ్డు వైపుకు ఇప్పించండి. డాబా ఎలాగూ రోడ్డు కంటే ఎత్తులో ఉంది కదా, ఆ నీరు దానంతటదే ముందుకు పోతుంది. వెనక పెరట్లో కురిసింది మాత్రమే వెనక మిగులుతుంది. చాలా ప్లానుల్లో డాబా పైపులు అందం చెడుతుందని వెనక్కి దించుతారు, వాలు స్థలంలో అది పనికిరాదు.

ఇదే సందర్భంలో ఇంకో రెండు విషయాలు. 1200 చదరపు అడుగులు, ఆపైన ఉన్న స్థలంలో కొత్తగా కట్టే ఇంటికి వాన నీటి సేకరణ తప్పనిసరి అని జలమండలి నిబంధన. దాన్ని తీర్చడానికి మేస్త్రీలు ఇంకుడు గుంతను రోడ్డు వైపు ఖాళీలో, సరిగ్గా బేస్‌మెంట్ గోడకు ఆనించి తవ్వుతారు. అంటే నీటిని సేకరించి మన గోడ వెనకే ఇంకించడం! ఆ గుంత బేస్‌మెంట్‌కు దిగువన, పెరటి చివర ఉండాలి. రెండోది కావేరి నీళ్ళ సంపు. దాన్నీ ముందు ఖాళీలోనే, బేస్‌మెంట్ గోడనే ఒక వైపు గోడగా వాడుకుని కడతారు. సంపు ఏడాదంతా నిండి ఉంటుంది కాబట్టి అందులో చిన్న పగులు వచ్చినా మీ గదికి రోజూ వానాకాలమే. సంపుకు నాలుగు గోడలూ దానివే ఉండాలి, బేస్‌మెంట్ గోడకు ఎడంగా ఉండాలి.

ఇక మట్టాలు. బేస్‌మెంట్ నేల వెనక పెరటి కంటే కనీసం ఆరంగుళాలు పైన ఉండాలి, తలుపు ముందు జాలీ మూతతో అడ్డ కాలువ ఉండాలి, పెరటి నేల తలుపు నుంచి దూరంగా వాలాలి. ఇంటి నేలను రోడ్డు కంటే రెండున్నర అడుగులు లేపితే బేస్‌మెంట్ నేల నుంచి పైనేల దాకా పదకొండు అడుగులు వస్తుంది. అందులో ఆరంగుళాల శ్లాబు, మూడంగుళాల ఫ్లోరింగ్ పోతాయి. శ్లాబు మందంతో కలిపి పద్దెనిమిది అంగుళాలుండే దూలం కింద తొమ్మిదడుగుల మూడంగుళాలు మిగులుతుంది. నివాస గదికి నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగేది 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. పదడుగులే పెట్టి తరవాత ఏసీ గొట్టాల కోసం ఫాల్స్ సీలింగ్ దించితే గది గుహలా తయారవుతుంది.

ఈ మట్టాలతో అనుమతి మాట కూడా తేలుతుంది. అదే కోడ్ ప్రకారం బేస్‌మెంట్ పైకప్పు చుట్టూ ఉన్న సగటు నేల మట్టానికి 1.2 మీటర్లకు మించి ఎత్తు ఉండకూడదు. మీ సగటు నేల రోడ్డు కంటే నాలుగున్నర అడుగులు కింద, పైనేల రోడ్డుకు రెండున్నర అడుగులు పైన. మొత్తం ఏడడుగులు, అందులో శ్లాబు, ఫ్లోరింగ్ మందం తీసేసినా పైకప్పు సుమారు 1.9 మీటర్ల ఎత్తున ఉంటుంది. కాబట్టి మీరు కడుతున్నది కాగితం మీద బేస్‌మెంట్ కాక ఒక అంతస్తుగా లెక్కకు రావచ్చు. అలా వస్తే ఎఫ్ఏఆర్‌లో (స్థలాన్ని బట్టి మొత్తం ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే లెక్కలో) కలుస్తుంది, పైన కట్టుకోగలిగే విస్తీర్ణం తగ్గుతుంది. కానీ అక్కడ పడకగది చూపించడానికి దారి ఏర్పడుతుంది. బేస్‌మెంట్‌గా అనుమతి తీసుకుంటే అది ప్రధానంగా పార్కింగ్‌కు, సామాను పెట్టుకోవడానికి. రెంటిలో ఏది మేలో మీ ఆర్కిటెక్టుతో కూర్చుని, అసలు నేల మట్టాలు చూపే అడ్డుకోత బొమ్మలతో తేల్చుకోండి. 2025 సెప్టెంబరులో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ వార్డు ఎందులో పడిందో కూడా ముందే కనుక్కోండి. ఇది ఉత్త కాగితాల గొడవ అనుకోకండి. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ముగ్గురు విద్యార్థులు నీట మునిగి చనిపోయింది, సామాను దాచడానికని అనుమతి తీసుకుని గ్రంథాలయంగా వాడిన బేస్‌మెంట్‌లోనే. మీకు వెనక తలుపు ఒకటి, లోపలి మెట్లు ఒకటి ఉంటాయి. ఈ రెండింటిలో దేనికీ సామాను అడ్డం పెట్టకండి, వెనక తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి.

తవ్వకం దగ్గరికి వద్దాం. ముందు మట్టి పరీక్ష చేయించండి, రాయి ఎంత లోతున ఉందో తెలియకుండా కాంట్రాక్టరుతో ధర మాట్లాడటం గుడ్డి బేరం. పక్క ఇళ్ళు కట్టేసి ఉంటే హద్దు పొడవునా ఒకేసారి తవ్వనివ్వకండి. నాలుగైదు అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వి, గోడ లేపి, తరవాత మిగిలినవి తవ్వాలి. కాలం కూడా ముఖ్యం. ఇక్కడ నవంబరు దాకా వానలు వదలవు, మళ్ళీ మేలో మొదలవుతాయి. మార్గశిరంలో గునపం పట్టి, ఉగాది దాటి పది రోజుల్లోగా గోడలు, వాటి పైన శ్లాబు అయిపోయేలా చూసుకోవాలి. శ్లాబు పడి గట్టిపడే దాకా గోడ వెనక మట్టి నింపకూడదు. ఇలాంటి గోడను పైన శ్లాబు, కింద రాఫ్ట్ (ఇంటి అడుగంతా పరిచే కాంక్రీటు పునాది పలక) పట్టుకుంటాయని లెక్క వేసి డిజైన్ చేస్తారు. శ్లాబు లేకుండా ఒంటరిగా నిలబడ్డ గోడ మీద మట్టి తోస్తే అది లోపలికి వంగుతుంది.

గోడ మందం ఎనిమిదంగుళాలా పదా అనేది మేస్త్రీ చెప్పే మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. మూడు మీటర్ల లోతున నీరు నిలిస్తే గోడ అడుగున చదరపు మీటరుకు మూడు టన్నుల తోపు ఉంటుంది, మట్టి తోపు కాక. సైజు రాయి గోడ ప్రహరీకి బాగుంటుంది, గదికి పనికిరాదు. కాంక్రీట్ బ్లాకు గోడ అసలే వద్దు. ఎం25 గ్రేడుకు తగ్గని కాంక్రీటు, వైబ్రేటర్ సరిగా పట్టిన ఆర్‌సీసీ (ఇనుప కడ్డీల కాంక్రీటు) గోడ కావాలి.

మీ మేస్త్రీ చెప్పిన పొడి గురించి. చెడ్డది కాదు, కలపనివ్వండి. కానీ నీరు మంచి కాంక్రీటులోంచి రాదు, అతుకుల్లోంచి వస్తుంది. రెండు చోట్ల మీరు స్వయంగా నిలబడి చూడాలి.

మొదటిది రాఫ్టూ గోడా కలిసే గీత. రాఫ్ట్ వేసిన కొన్ని రోజులకు దాని మీద గోడ షట్టరింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు పలకలు, నిలబెడతారు. ఈలోపు ఆ గీత వెంబడి సిమెంటు పాల పొర ఎండి ఉంటుంది. చెక్క పొట్టు, బైండింగ్ తీగ ముక్కలు, పాన్ మసాలా పొట్లాలు అక్కడే చేరతాయి. వాటి మీదే కాంక్రీటు పోసేస్తే గోడ కింద పొడవునా కాగితమంత సందు మిగులుతుంది. కంటికి కనిపించదు, మొదటి జడివానకు మాత్రం కనిపిస్తుంది. చేయవలసింది ఇది: రాఫ్ట్‌తో కలిపే ఆరంగుళాల గోడ మొదలును పోయించాలి. అందులో అతుకులోంచి నీరు రాకుండా ఆపే పీవీసీ వాటర్‌స్టాప్ పట్టీని సగం లోపల, సగం పైకి ఉండేలా మేకులు కొట్టకుండా కడ్డీలకు కట్టి నిలపాలి. తరవాత పై ముఖాన్ని ఉలితో గరుకు చేసి, గాలి గొట్టంతో ఊది, నీళ్ళతో కడిగి, అప్పుడు షట్టరింగ్ మూయాలి. మూసే ముందు టార్చి వేసి చూడండి.

రెండోది షట్టరింగ్ బోల్టులు. రెండు వైపుల పలకలను బిగించడానికి గోడలోంచి కడ్డీలు వేస్తారు. కడ్డీ మళ్ళీ బయటికి లాగి వాడుకోవచ్చని దాని చుట్టూ పీవీసీ గొట్టం ముక్క తొడుగుతారు. పని అయ్యాక గొట్టం గోడలోనే ఉండిపోతుంది, దాని రెండు చివర్లా ఇంత సిమెంటు మెత్తి వదిలేస్తారు. లెక్కపెడితే ఒక్కో గోడకు అలాంటివి పదుల్లో ఉంటాయి. మట్టి తగిలే గోడల్లో గొట్టాలు వద్దని ముందే చెప్పండి. మధ్యలో బిళ్ళ అతికిన కడ్డీలు వాడి, చివర్లు లోపలికి కోసి, ముడుచుకోని గ్రౌటుతో (సందులు నింపే సిమెంటు ముద్దతో) పూడ్పించాలి.

ఇది అయ్యాకే వాటర్‌ప్రూఫింగ్, అదీ బయటి ముఖానికి. లోపలి వైపు ఎంత ఖరీదైన పూత వేసినా నీటి తోపు దాన్ని గోడ నుంచి ఊడగొట్టే వైపే పనిచేస్తుంది. బయట వేస్తే అదే తోపు పూతను గోడకు అదుముతుంది. షాబాదు బండలతో పెట్టెలా కట్టే పాత పద్ధతి ఇప్పటికీ నమ్మకమైనదే. మీ బడ్జెట్‌కు పొర అంటించే పద్ధతి సరిపోతుంది. ఏదైనా సరే, దాని మీద బుడిపెల ప్లాస్టిక్ షీటు నిలబెట్టాలి, లేకపోతే మట్టి నింపేటప్పుడు రాళ్ళు పొరను చీలుస్తాయి. గోడ అడుగున, రాఫ్ట్ మట్టానికి కొంచెం కిందగా, చిల్లుల పైపును, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డలో, కంకర మధ్య వేసి, వాలుతో పక్క ఖాళీల వెంట పెరటి వైపు తీసుకురావాలి. మూలల్లో పైకి తెరుచుకునే మూతలు పెట్టండి, పదేళ్ళకు ఆ పైపు కడగాల్సి వస్తుంది. గోడకు ఆనుకుని అడుగు వెడల్పున కంకరే నింపాలి. మిగతాది మంచి మట్టి, అడుగు మందం చొప్పున దిమ్మిస చేస్తూ. విరగ్గొట్టిన ఇటుకలు, ప్లాస్టర్ పెళ్ళలు ఆ సందులో పడేయడానికి కూలీలు ఎప్పుడూ తయారే, ఆ రోజు మీ ఇంట్లో ఎవరో ఒకరు అక్కడ ఉండాలి.

బాత్‌రూమ్ గురించి. మీ నేల రోడ్డుకు ఎనిమిదిన్నర అడుగులు కింద. యూజీడీ (భూగర్భ మురుగు) పైపు రోడ్డు కింద అంత లోతున ఉండటం అరుదు. అంటే మలినాలను పంపుతో పైకి ఎత్తాలి. మూత బిగిసిన తొట్టి, కోసి తోసే పంపు, వెనక్కి రానివ్వని వాల్వు, డాబా దాకా వెళ్ళే గాలి గొట్టం, ఇవన్నీ కావాలి. పై అంతస్తుల పైపును ఈ తొట్టిలో కలపకండి, అది నేరుగా రోడ్డుకు పోవాలి.

ఇక్కడ మీరు అడగని సలహా ఒకటి. అమ్మానాన్నల గది కింద వద్దు. వెనక తలుపు తెరిస్తే వచ్చేది పెరడు, వీధి కాదు. గుడికి వెళ్ళాలన్నా, ఆటో ఎక్కాలన్నా ఇరవై మెట్లు ఎక్కాలి. వానాకాలపు తేమ మోకాళ్ళ నొప్పులకు మంచిది కాదని వారే మీకు చెబుతారు. వారి గది రోడ్డు మట్టానికి పెట్టి, మీ ఆఫీసు గదో, చుట్టాల గదో కిందికి తెండి. లిఫ్టు ఉంటుంది కదా అంటారేమో, లిఫ్టు గుంత ఇంటి మొత్తంలో అన్నిటికంటే పల్లం. దానికీ గోడలంత జాగ్రత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయాలి.

గదుల అమరిక తేలిక. వెలుగు ఒక్క తూర్పు నుంచే వస్తుంది. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకానే పగటి వెలుగు పనికొస్తుంది. అంటే ఏడడుగుల కిటికీకి పదిహేను, పదిహేడు అడుగులు. ఆ పట్టీలో మనుషులు ఉండే గది, దాని వెనక చీకట్లో సినిమా గది, బాత్‌రూమ్, సామాను గది. రోడ్డు వైపు ఖాళీలో ఆకాశానికి తెరిచిన మూడడుగుల బావి లాంటి జాగా వదిలితే గాలి ఆడుతుంది. దాని అడుగుకూ డ్రైనేజీ ఉండాలి సుమా. వాస్తు ప్రకారం తూర్పు పల్లం, పడమర మెరక మంచివే కాబట్టి మీ ఇంట్లో ఆ వాదన రాదు. పడమర పల్లం ఉన్న స్థలాల్లో శ్లాబు పడ్డాక సిద్ధాంతి గారిని పిలిచి గోడలు కొట్టించినవారిని చూశాను. అడగదలిస్తే ప్లాను దశలోనే అడగాలి.

వంటగట్టు పెట్టుకోండి, కానీ ఇండక్షన్ పొయ్యి మాత్రమే. గ్యాసు గాలి కంటే బరువు, కారితే కిందే పేరుకుంటుంది. సిలిండర్ కిందికి దిగకూడదు. కరెంటు బోర్డు పైనేలలో ఉండాలి, కింద సాకెట్లు నడుము ఎత్తులో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) మీద.

ఇక ఫినిషింగ్. శ్రావణానికి పై ఇల్లు పూర్తి చేసి గృహప్రవేశం చేసుకోండి. పాలు పొంగించేది పైన వంటింట్లోనే కదా. కింద మాత్రం ప్లాస్టరింగ్ చేసి, కార్తీకం దాకా బోడిగా వదిలేయండి. ఒక వానాకాలం పూర్తిగా చూడకుండా ఆ గోడల మీద లప్పం గానీ, వాల్‌పేపర్ గానీ, జిప్సం బోర్డు గానీ పడకూడదు. ఎక్కడైనా తడి మచ్చ కనిపిస్తే వెంటనే మేస్త్రీ మీద అరవకండి, పరీక్ష చేయండి. గోడ మీద తడి తుడిచి, రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగంచులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. షీటు వెనక తడి ఉంటే గోడలోంచి వస్తున్న ఊట. గది వైపు ముఖాన చెమర్చితే అది గాలిలోని తేమ, దానికి కావలసింది గాలి ఆడటం లేదా తేమను లాగే యంత్రం. ఊటే అయితే గ్రౌటు ఎక్కించి ఆపవచ్చు, గోడ కప్పేయలేదు కాబట్టి ఎక్కడో తెలుస్తుంది.

ఆ తరవాత మట్టి తగిలే గోడలకు సిమెంటు పెయింటు లాంటిది, ఆవిరిని బయటికి వదిలేది వేయండి. సినిమా గదికి ప్యానెల్ తప్పదంటే గోడకు రెండంగుళాల ఎడంగా జీఐ (తుప్పు పట్టని పూత ఉన్న ఇనుప) ఫ్రేమ్ నిలబెట్టి సిమెంటు బోర్డు బిగించండి, కింద పైన గాలి సందులతో. వార్డ్‌రోబులు మట్టి తగిలే గోడకు వద్దు, లోపలి గోడలకు చాలు. నేలకు విట్రిఫైడ్ టైల్స్ వేయండి, చెక్క ఫ్లోరింగ్ వద్దు. మన ఎర్రమట్టిలో చెదలు మామూలే కాబట్టి రాఫ్ట్ కింద, గోడల చుట్టూ మందు కొట్టించడం తవ్వకం రోజుల్లోనే అయిపోవాలి.

రెండు కొలతలు తీసి రాయండి. రోడ్డు మీద మీ ఇంటికి దగ్గరి మ్యాన్‌హోల్‌లో పైపు అడుగు ఎంత లోతున ఉంది, వెనక ఇంటి నేల మీ పెరటి కంటే ఎంత కింద ఉంది. ఆ రెండూ తెలిస్తే పెరటి నీటికి పంపు కావాలా, పైపుతో సరిపోతుందా, బాత్‌రూమ్‌కు తొట్టి ఎంతది పెట్టాలి అన్నది చెప్పగలను.